ఎరుకమ్మ పెట్టిన సూర ముక్కలు

జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఎరుకమ్మకి ఓర్వలేనితనం ఎక్కువన్న సంగతి ఆ లైనులో అందరికీ తెలుసు. ఎరుకమ్మకీ తెలుసు. కాకపోతే ఆమె దాన్ని ఆ పేరుతో పిలవదు. "నా వోల్లు నా కాడ తినాల. అంతే" అంటుంది.

పంతొమ్మిదో ఏట నూకన్నని చేసుకుని, భీమిలి పక్క పల్లె నుంచి ఓడెక్కి ఈ దీవికొచ్చింది. ముప్ఫై మూడేళ్ళయింది. నూకన్న డింగీ పడవ మీద చేపల వేటకెళ్తాడు. తెచ్చిన దాన్ని ఆమె పొద్దున రేవులో కొంత, మిగిలింది ఇంటి ముందు అరుగు మీద అమ్ముతుంది. ఇద్దరు కూతుళ్ళు. పెద్దది వేరే దీవిలో, హట్‌బేలో కాపురం, చిన్నది ఈ ఊళ్ళోనే డైరీ ఫార్మ్ పేటలో. పెళ్ళయిన కొత్తలో చిన్నది పుట్టింటికొచ్చి, "మా అత్త కానాగంతల పులుసు భలే పెడతాదే అమ్మా" అని ఒక్క మాట జారింది. ఆ తర్వాత ఏడాది పాటు ఎరుకమ్మ ఇంట్లో కానాగంతలు ఉడకలేదు. కూతురు నోరు తెరిచి అడిగితే, "మీ అత్త బాగా వొండతాది గదా, ఎల్లి తిను" అంది.

అలాంటి మనిషికి ఒక పిల్లి దొరికింది. నాలుగేళ్ళ కిందట రేవులో ఖాళీ ఐసు పెట్టె మూత ఎత్తితే అడుగున వణుకుతూ కనిపించింది. అరచేతిలో పట్టేంత పిల్ల, పొయ్యిలో బూడిద రంగు. చీరకొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది. బూడిదోడు అని పేరు పెట్టింది. వాడు ఆమె కత్తిపీట పక్కన కూర్చుని పెద్దవాడయ్యాడు. ఆమె తినే అన్నమే వాడికీ, అందులో ఆ రోజు మిగిలిన చేప ఏదైతే అది పిసికి పెట్టేది. ఎవరు పిలిచినా వెళ్ళేవాడు కాదు. ఆ సంగతి ఎరుకమ్మ కొనడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

పక్కింటి మేడ మీది వాటాలోకి సరోజిని అద్దెకొచ్చాక ఆ మాట చెప్పడం మానేసింది.

సరోజినికి ఓడ టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగం. ఆమె తాతల కాలంలోనే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబం. భర్త పోయి ఆరేళ్ళయింది. మెత్తగా మాట్లాడుతుంది, సగం హిందీ, సగం తెలుగు. ఆమె గది కిటికీకి సముద్రపు గాలి తగులుతుంది. ఆ కిటికీ గట్టు మీద ఒక పాత దుప్పటి మడత పెట్టి ఉంచింది. బూడిదోడు ఒకరోజు మెట్లెక్కి, ఆ దుప్పటి మీద పడుకున్నాడు.

ఎరుకమ్మకి ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటే మెడ దగ్గర గంధం పౌడరు వాసన వేసింది. మొగుడి చొక్కా మీద పరాయి వాసన పసిగట్టిన ఆడదానిలా ఎరుకమ్మ వాణ్ణి మళ్ళీ మళ్ళీ వాసన చూసింది.

నూకన్న వల అల్లుకుంటూ నవ్వాడు. "అది పిల్లే. దానికేటి, నువ్వు తాలి కట్టినావా? ఎక్కడ సల్లగా ఉంటే అక్కడ తొంగుంటాది."

"నువ్వు నోర్ముయ్యి" అంది ఎరుకమ్మ.

వారం తిరక్కుండా వాడు మెడకి ఎర్ర పట్టీ, దానికి చిన్న మువ్వతో దిగి వచ్చాడు. ఎరుకమ్మ పట్టీని కత్తిపీట మీద పెట్టి కోసి మురుక్కాలువలో పడేసింది. మరుసటి వారం నీలం పట్టీ. దాన్నీ కోసింది. మూడోసారి పట్టీ లేదు గానీ, మేడ మీద నుంచి "మోతీ! మోతీ, ఆజా!" అన్న పిలుపు వినిపించింది. అరుగు మీద పడుకున్న బూడిదోడు చెవులు నిక్కించి, లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆ పిలుపుకి మెట్లెక్కి వెళ్ళాడు. చేప తోముతున్న ఎరుకమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ రోజు కొనడానికొచ్చిన వాళ్ళతో ఆమె సరిగా మాట్లాడలేదు.

పైన ఆవిడ కొట్లో కొన్న పిల్లి తిండి పాకెట్టులోంచి తీసి గింజల్లాంటివేవో పెడుతోందని తెలిసింది. దానికి ఎరుకమ్మ తనకి చేతనైన జవాబే చెప్పింది. సూర చేప కోస్తే మధ్యలో నల్లగా, ఎర్రగా ఉండే కండ ఉంటుంది. కొనేవాళ్ళు దాన్ని వద్దంటారు. ఆ కండంతా బూడిదోడికి తీసిపెట్టడం మొదలుపెట్టింది. కవళ్ళ చేపల కాలం వస్తే నూనె కారే కవళ్ళు, తలలతో సహా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఇంకోసారి. అన్నం కలిపితే రుచి తగ్గుతుందని అన్నం మానేసింది.

గెలిచింది కూడా. నెల తిరిగేసరికి బూడిదోడు మేడ వైపు చూడటం తగ్గించాడు. సరోజిని ఒక సాయంత్రం మెట్ల మీద నిలబడి అడిగింది.

"దీదీ, మోతీ నా దగ్గర ఏమీ ముట్టడం లేదు. తబియత్ ఠీక్ ఉందా వాడికి?"

"వోడికేటి? దుక్కలాగున్నాడు. నా కాడ కడుపు నిండతాంది, అందుకే నీ కాడ తిన్లేదు" అంది ఎరుకమ్మ తల ఎత్తకుండా.

సరోజిని పైకి వెళ్ళిపోయింది. ఆ పూట ఎరుకమ్మ తన కోసం ఒక పెద్ద ముక్క వేయించుకుని, ఎన్నాళ్ళకో కడుపునిండా తింది.

ఇలా అయిదు నెలలు గడిచాయి. వానలు పట్టాయి. బూడిదోడి ఒంటి మెరుపు పోయింది. అరుగు మీదికి ఒక్క గెంతులో ఎక్కేవాడు, ముందు కాళ్ళు పెట్టి ఆలోచించడం మొదలెట్టాడు. ఒకరోజు ఎరుకమ్మ వాడి పొట్ట నిమిరితే వాడు ఎప్పుడూ లేనిది బుస్సుమని చెయ్యి గీరాడు. ఆమె గీరిన చోటు చూసుకోలేదు. చర్మం కింద, తొడల సందున, పొట్ట మడతలో, వేళ్ళకి ఏవో గట్టిగా తగిలాయి. ఉడికీ ఉడకని పెండలం ముక్కలు సంచీలో వేసినట్టు గడ్డలు.

ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన జబ్బు గురించి కాదు. 'ఆవిడేదో పెట్టింది' అనుకుంది.

మెట్ల కిందే నిలబడి కేకలేసింది. "ఏటి పెట్టినావు నా పిల్లికి? నీ కాడికి రాలేదని ఏటి పెట్టినావు?" లైనులో వాళ్ళు తలుపుల్లోకి వచ్చారు. సరోజిని తెల్లబోయి, "భగవాన్ కసమ్ దీదీ, నేనేం పెట్టలేదు" అంటూ ఉండగానే ఎరుకమ్మ ఆటో పిలిచి, బుట్టలో గోనె వేసి, వాణ్ణి పడుకోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది.

అక్కడి డాక్టరు మంజు ఈ ఊళ్ళోనే మిడిల్ పాయింట్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. బుట్టలోకి చూడగానే, "అరే, మోతీ!" అంది.

ఎరుకమ్మకి గుండెలో ముల్లు దిగింది. "మోతీ కాదు. బూడిదోడు."

"పోయిన వారం సరోజిని ఆంటీ తెచ్చారు కదా అత్తా" అని మంజు కార్డు తీసి చూపించింది. పిల్లి పేరు మోతీ. తెచ్చినవారు సరోజిని. ఎరుకమ్మకి చదువు రాదు, కానీ కార్డు మీద తన పేరు లేదని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. తను రేవులో ఉన్నప్పుడు, తన పిల్లిని, తనకి చెప్పకుండా తీసుకొచ్చింది. జబ్బు సంగతి తనకంటే ముందు ఆవిడ కనిపెట్టింది. ఆ రెండో మాటే ఎక్కువ మండింది.

మంజు చెప్పింది. వేరే పిల్లి కరిస్తే చీము పట్టిందేమో అని తను ముందు అనుకుంది. పిల్లులకి గడ్డ అంటే నూటికి తొంభై సార్లు అదే. చీముకి సూదిమందు వేసి పంపింది. కానీ తగ్గలేదు, పైగా పెరిగింది. ఇప్పుడు గడ్డలోకి సూది పెట్టి లాగింది. చీము రాలేదు. నూనె బొట్లలాంటివి రెండు చుక్కలు వచ్చాయి. దాన్ని గాజు పలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసింది. వాపు కణాలు కుప్పలుగా ఉన్నాయి, క్రిములు మాత్రం కనిపించలేదు.

"జ్వరం ఉంది. ఇది మామూలు గడ్డ కాదు అత్తా. ఏం తింటాడు వీడు?"

ఎరుకమ్మ నోట్లో నిజం ఉంది. కానీ కార్డు ఇంకా బల్ల మీదే ఉంది.

"నా కాడ ఏటి తింటాడు? ఇన్ని మెతుకులు, ఇంత పులుసు. తిండంతా ఆవిడ కాడే. ఆ పాకెట్టు గింజలు. వాటివల్లే వొచ్చింది."

మంజు తలూపింది. సరోజిని కూడా వాడు తన దగ్గర పాకెట్టే తింటాడని చెప్పి ఉంది. రెండు మాటలూ కలిశాయి. "ఈ ఉక్కలో విప్పిన పాకెట్టు పాడయ్యే ఉంటుంది. అది మొత్తం బంద్ చేయండి. వారం పది రోజులు ఇంట్లోనే ఉంచి, ఇంటి తిండి పెట్టండి. తగ్గకపోతే ముక్క తీసి టెస్టుకి పంపిస్తా."

ఇంటి తిండి! ఎరుకమ్మ ఆటోలో బుట్టని ఒళ్ళో పెట్టుకుని రాణిలా తిరిగొచ్చింది. మెట్ల దగ్గర ఎదురు చూస్తున్న సరోజినికి లైనంతా వినేటట్టు చెప్పింది. "నీ గింజలే సంపుతున్నాయంట. డాక్టరమ్మ సెప్పింది. ఇంక నీ కాడికి రానివ్వను."

సరోజిని ముఖం పాలిపోయింది. ఆమె పైకి వెళ్ళి, మిగిలిన పాకెట్టు తెచ్చి, ఎరుకమ్మ కళ్ళ ముందే చెత్త కుండీలో వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎరుకమ్మ అది చూసింది. ఆ చూపులో జాలి లేదని తర్వాత ఆమే ఒప్పుకుంది.

తలుపు గొళ్ళెం పెట్టి వాణ్ణి ఇంట్లో ఉంచింది. వాడు కోలుకోవాలని మంచి మంచి కవళ్ళు ఏరి పెట్టింది. సూర కండ ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, వేలితో నోట్లో పెట్టింది. మొదటి రెండు రోజులు తిన్నాడు. తర్వాత తగ్గించాడు. పదో రోజుకి వీపు మీద చెయ్యి వేసినా అరిచాడు. పన్నెండో రోజున లేవలేదు.

నూకన్న చూసి, "ఒలే, ఇంక పట్టుకెల్లు" అన్నాడు. ఎరుకమ్మ బుట్ట ఎత్తేసరికి సరోజిని గొడుగు పట్టుకుని కింద నిలబడి ఉంది. ఆఫీసుకి సెలవు పెట్టింది. వద్దనే ఓపిక ఎరుకమ్మకి లేకపోయింది. ఇద్దరూ ఒకే ఆటోలో, బుట్ట మధ్యలో పెట్టుకుని వెళ్ళారు.

మంజు మత్తు ఇచ్చి తొడ సందు దగ్గర చిన్నగా కోసి, గడ్డ లోంచి గోరంత ముక్క తీసింది. తీసి, కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. బయటికి వచ్చి ఇద్దరినీ లోపలికి పిలిచింది. కట్టుగుడ్డ మీద ఆ ముక్క ఉంది. పసుపు కొమ్ము విరిస్తే లోపల ఉండే రంగు.

"పిల్లి కొవ్వు తెల్లగా ఉండాలి, మెత్తగా ఉండాలి. ఇది చూడండి, రంగు ఇలా, గట్టిగా ఎలా ఉందో. నూనె చేపలు ఎక్కువ తినే పిల్లులకి కొవ్వు ఇలా అవుతుందని చదివాను, ఎప్పుడూ చూడలేదు. ముక్కని మెయిన్‌ల్యాండుకి పంపిస్తా. రిపోర్టు రావడానికి మూడు వారాలు. అంతవరకు వీడు ఆగడు. నాకు ఇప్పుడు తెలియాలి. అత్తా, సచ్ బోలో. చేప ఎంత తింటాడు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పక్కన సరోజిని ఉంది. ఆవిడ లేకపోతే చెప్పడం సులువుగా ఉండేది. ఆవిడ ముందు చెప్పడమంటే ఆవిడే గెలిచినట్టు. ఎరుకమ్మ బల్ల మీద మత్తులో పడి ఉన్న వాడి ముఖం చూసింది. నాలుక కొస బయటికి వచ్చి ఉంది.

"మూడు పూటలా" అంది. "అయిదు నెలల్నుంచి. సూర నల్లకండ, కవల్లు. అన్నం ఎట్లేదు. ఇంకేటీ ఎట్లేదు. ఈ పన్నెండు రోజులు కూడా అవే ఎట్టినాను. పాకెట్టు గింజలని అబద్దమాడినాను డాక్టరమ్మా. ఆవిడ కాడికి ఎల్లకూడదని ఎట్టినాను."

సరోజిని తల దించుకుంది. "నేను కూడా జూఠ్ చెప్పాను" అంది నెమ్మదిగా. "వాడు నాలుగు నెలల్నుంచి నా పాకెట్టు ముట్టలేదు. అయినా నా దగ్గరే తింటాడని చెప్పాను. వాడు నా పిల్లి అని రాయించుకోవాలనిపించింది."

మంజుకి కోపం వచ్చింది. చిన్నపిల్లే అయినా ఇద్దరినీ నిలబెట్టి అంది. "వాడు ఎవరి పిల్లో మీరిద్దరూ తేల్చుకునేలోపు వాడు పోయేవాడు."

తర్వాత శాంతించి వివరంగా చెప్పింది. చేప విషం కాదు. కానీ నూనె చేప ఒక్కటే తింటూ ఉంటే పిల్లి ఒంట్లో విటమిన్ ఈ సరిపోదు. అప్పుడు చర్మం కింది కొవ్వు, పాత నూనె పాడైనట్టు పాడై వాచిపోతుంది, గడ్డ కడుతుంది. ముట్టుకుంటే నరకం. మందు ఉంది, విటమిన్ చుక్కలు, వాపు తగ్గడానికి మాత్రలు. అన్నిటికంటే పెద్ద మందు చేప మానడం. వాసన కూడా తగలకూడదు, తగిలితే ఇంకేదీ తినడు.

చేపలమ్మే ఇంట్లో చేప వాసన తగలకుండా పిల్లిని ఎక్కడ ఉంచుతారు? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎరుకమ్మ తనంతట తానే బుట్ట ఎత్తుకుని, మేడ మెట్లెక్కి, కిటికీ గట్టు మీది దుప్పటి పైన వాణ్ణి దించింది. ఆ గదిలోకి ఆమె అడుగు పెట్టడం అదే మొదటిసారి.

మరుసటి రోజంతా వాడు ఏమీ తినలేదు. ఉడికించిన కోడి మాంసం, గుడ్డు పచ్చసొన, ఏది పెట్టినా ముఖం తిప్పుకున్నాడు. సరోజినికి భయం వేసి కిందికి కబురు పెట్టింది. ఎరుకమ్మకి లోపల ఎక్కడో చిన్న సంతోషం కలిగింది, తన చేతితో పెడితే తింటాడని. తలారా స్నానం చేసింది. చేతులు సబ్బుతో, తర్వాత నిమ్మచెక్కతో, తర్వాత చింతపండుతో తోముకుంది. ఉతికిన చీర కట్టుకుని పైకి వెళ్ళి, కోడి ముక్క చిదిపి వాడి మూతి దగ్గర పెట్టింది.

బూడిదోడు ముక్క వదిలేసి ఆమె వేళ్ళు నాకడం మొదలుపెట్టాడు. గోళ్ళ సందులు వెతికి వెతికి నాకాడు. నాకుతూ, చేప కోసం సన్నగా ఏడ్చాడు. ముప్ఫై మూడేళ్ళ వాసన నిమ్మచెక్కకి పోతుందా!

సాయంత్రం చూడటానికి వచ్చిన మంజు సంగతి విని ఎరుకమ్మ పక్కన కూర్చుంది. చెప్పడానికి ఇబ్బంది పడింది. "అత్తా, నెల రోజులు నువ్వు వాణ్ణి ముట్టుకోకు."

ఎరుకమ్మ సరేనని కిందికి దిగిపోయింది. వంటింట్లోకి వెళ్ళి చేతులు వాసన చూసుకుంది. ఈ చేతులతో పెట్టిన తిండి తిని ఎవరికీ కడుపు నొప్పి కూడా రాలేదని ఇన్నాళ్ళు గొప్పగా చెప్పుకుంది.

ఆ మర్నాటి నుంచి సరోజిని సిరంజితో పలచగా చేసిన గుడ్డు సొన పట్టడం మొదలెట్టింది. ఎరుకమ్మ పొద్దున రేవుకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మెట్ల కింద నిలబడి అడిగేది.

"తిన్నాడా?"

"రెండు చెంచాలు దీదీ."

"నిన్న ఒకటే గదా?"

"హా, ఇవాళ రెండు."

వాడు తినాలని ఆమె పైడితల్లికి మొక్కుకుంది. తిన్నాడని వింటే ఊపిరి వచ్చేది. ఆ ఊపిరి వెనకే, ఆవిడ చేతిలో తిన్నాడే అని కడుపులో మంట. రెండూ ఒక్కసారే ఎలా ఉంటాయో ఎరుకమ్మకి అర్థమయ్యేది కాదు. నూకన్నతో చెబితే, "మంటున్నా అడగతన్నావు గదా, అది సాలు" అన్నాడు.

పదిహేను రోజులకి సొంతంగా కోడి ముక్క తిన్నాడు. మూడు వారాలకి రిపోర్టు వచ్చింది, మంజు అనుకున్నదే. రెండు నెలలకి పొట్ట కింది గడ్డలు కరిగి, చివరికి శనగ గింజంత ఒకటి మిగిలి, అదీ పోయింది. మంజు ఎరుకమ్మని పిలిచి వాడి పొట్ట తడిమి చూడమంది. మెత్తగా, వదులుగా, పాత రోజుల్లో ఉన్నట్టే ఉంది. వాడు అరవలేదు. కానీ కాసేపటికి లేచి సరోజిని ఒళ్ళోకి వెళ్ళి పడుకున్నాడు. ఎరుకమ్మ పైట సర్దుకుని లేచి వచ్చేసింది.

వాడు మేడ మీదే ఉండిపోయాడు. అరుగు మీద కోతలు సాగే ఇంటికి వాణ్ణి తేవడం కుదరదని ఆమెకే తెలుసు. రేవులో ఎవరైనా పిల్లి కూనలకి సూర నల్లకండ విసిరితే మాత్రం ఎరుకమ్మ ఊరుకోదు. "అన్నంలో కలుపు. రోజూ ఎట్టకు. పొట్ట తడిమి సూడు, గట్టిగా తగిల్తే డాక్టరమ్మ కాడికి పో" అని గదుముతుంది. వాళ్ళు నవ్వుతారు. చేపలమ్మే మనిషి పిల్లికి చేప పెట్టొద్దంటుందని.

ఈ ఏడు వేసవిలో సరోజిని కంటి ఆపరేషన్‌కి చెన్నై వెళ్ళింది. ఇరవై రోజులు. వెళ్తూ గది తాళం చెవి ఎరుకమ్మ చేతిలో పెట్టింది. ఎరుకమ్మ రోజూ రేవు నుంచి వచ్చి, స్నానం చేసి, పైకి వెళ్ళి కోడి ఉడికించి గిన్నెలో పెట్టేది. చేతితో పెట్టేది కాదు. వాడు తిని, ఆమె కాళ్ళ దగ్గర పడుకునేవాడు. ఇరవై రోజులు వాడు తనవాడు.

నాలుగో రోజు సాయంత్రం ఎరుకమ్మ పైనే ఉండగా సరోజిని ఫోన్ చేసింది. కంటికి కట్టు ఉందంది. ఇంకా ఏదో అడగాలని ఆగుతోందని గొంతులో తెలిసింది.

"దీదీ, మోతీ నన్ను వెతుకుతున్నాడా?"

"లేదమ్మా. బాగున్నాడు, తింటన్నాడు" అంది ఎరుకమ్మ. "అచ్ఛా. చాలు, బాగుంటే చాలు" అని సరోజిని పెట్టేసింది.

ఎరుకమ్మ ఫోన్ చాపమీద పెట్టి గిన్నెలు కడిగింది. తిరిగి వచ్చేసరికి బూడిదోడు మెట్ల వైపు తలుపు ముందు కూర్చుని ఉన్నాడు, నాలుగు రోజులుగా ఆ వేళకి కూర్చుంటున్నట్టే. సరోజిని ఆఫీసు నుంచి వచ్చే వేళ. ఎరుకమ్మ కాసేపు వాడి వీపునే చూసింది. తర్వాత ఫోన్ తీసి, చదవడం రాదు కాబట్టి, ఇందాకటి కాల్ అన్నిటికంటే పైన ఉంటుందని తెలిసి దాని మీదే నొక్కింది.

"సరోజినమ్మా, నానే" అంది. "ఎతుకుతున్నాడు. తలుపు కాడే కూకున్నాడు. రోజూ కూకుంటన్నాడు."